రాత్రిపూట చెరువు గట్టున ట్రాక్టర్లు

నీళ్ల ఉత్తరాలు: గుంటూరులో ఒక నీటి పరీక్షల ల్యాబ్‌లో కెమిస్టుగా పనిచేసి రిటైరైన మా రచయిత్రి పాఠకులకు ఇచ్చే జవాబులు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది గుంటూరుకు పడమరగా ఉన్న పల్లె, సాగర్ కుడికాలువ చివరి భూములు. ఊరి పేరు, నా పేరు వేయొద్దు. మూడు వేల జనాభా ఉంటుంది. నల్లరేగడి నేల, బోరు ఎక్కడ వేసినా ఉప్పునీళ్లే. ఆ నీళ్లతో పప్పు కూడా ఉడకదు. తాగడానికి, వంటకి మంచినీళ్ల చెరువు ఒక్కటే ఆధారం. నిండితే ఐదెకరాలు ఉంటుంది. 2024 వేసవిలో అది ఎకరం మడుగైపోయింది. కుళాయి రెండు రోజులకోసారి. సరిగ్గా అప్పుడే రోజూ రాత్రి పది దాటాక రెండు ట్రాక్టర్లు గట్టు మీదికొచ్చేవి. ఆయిల్ ఇంజను పెట్టి ట్యాంకర్లు నింపుకుని రోడ్డు మీదున్న వాటర్ ప్లాంటుకు తోలేవాళ్లు. తెల్లారేసరికి అవే నీళ్లు క్యాన్లలో మా వీధికి, పక్క టౌనుకి. క్యాను 15 రూపాయలు. పంచాయతీలో అడిగితే, "ఏడాదికి 60 వేలు కడుతున్నారు, ఊరికి ఆదాయం కదా" అన్నారు. ఈ ఏడు మళ్లీ ఎండలు ముదురుతున్నాయి, ట్రాక్టర్లు మళ్లీ మొదలయ్యాయి. "చెరువు నీళ్లు అమ్ముకునే రోజులు కూడా చూశాను" అని మా అత్తగారు కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. ఇది చెల్లుతుందా? మా ఆడవాళ్లం ఏం చేయగలం?

జవాబు: అమ్మాయ్, మీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. వెంటనే రాయలేకపోయాను. నాకు ఇలాంటిదే ఒక పాత సంగతి ఉంది, అది చెప్పకుండా మీకు సలహా ఇవ్వడం సరికాదనిపించింది.

2016 వేసవి. అంతకుముందు ఏడు కృష్ణకు సరైన వరద రాలేదు. ఒక ఊరి వాటర్ ప్లాంటు మనిషి రెండు శాంపిళ్లు తెచ్చాడు. ఒకటి క్యాన్‌లో పోసే నీరు, రెండోది శుద్ధి చేయకముందు నీరు. రెండో దాని మీద "బోరు నీరు" అని చీటీ అంటించి ఉంది. పరీక్ష చేశాను. నీళ్లలో కరిగిన లవణాలు, అంటే మీరందరూ టీడీఎస్ అంటారే, అది లీటరుకు 340 మిల్లీగ్రాములు వచ్చింది. ఫ్లోరైడు 0.4. ఆ ఊరి బోర్లు నాకు తెలుసు. ఏడాదికి రెండుసార్లు ఆ శాంపిళ్లు మా బల్ల మీదికే వచ్చేవి. ఒక్కటీ రెండున్నర వేలకు తగ్గేది కాదు, ఫ్లోరైడు కూడా హద్దు దాటి ఉండేది. బోరు నీరు ఒక్క ఏడాదిలో అంత తియ్యగా మారదు. అది కాలువ నీరు. ఆ ఊళ్లో కాలువ నీరు ఉండేది ఒక్క మంచినీళ్ల చెరువులోనే.

నాకు అర్థమైంది. అయినా ఫారంలో "నీటి ఆధారం" అన్న గడిలో వాళ్లు రాసిందే ఉంచి, అంకెలు వేసి, "తాగడానికి యోగ్యం" అని సంతకం పెట్టాను. నా పని నీళ్లు ఎలా ఉన్నాయో చెప్పడం, ఎక్కడివో అడగడం కాదు అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. మే నెలలో ఏదో పెళ్లికి బస్సులో ఆ ఊరి మీదుగా వెళ్లాను. ట్యాంకు దగ్గర బిందెల వరస రోడ్డు దాకా ఉంది. ఒక ముసలావిడ బిందె ముందు గొడుగు వేసుకుని కూర్చుంది. ఆ వరస నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. అందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు చెల్లుతుందా అన్న మాట. భూమిలో నీటి సంగతి మన దేశంలో చిక్కుముడి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం కాలం నుంచీ, నేల ఎవరిదో కింది నీళ్లు వాళ్లు తోడుకోవచ్చన్న వాదన నడుస్తోంది. కేరళలో పాలక్కాడ్ జిల్లా ప్లాచిమడ గ్రామం మీరు విని ఉంటారు. అక్కడ కోకా కోలా ప్లాంటు వచ్చాక బావులు పాడయ్యాయని ఆదివాసులు 2002లో దీక్షకు కూర్చున్నారు. పెరుమాట్టి పంచాయతీ లైసెన్సు ఇవ్వనంది. 2003 డిసెంబరులో కేరళ హైకోర్టు జడ్జి ఒకరు, భూగర్భజలం ప్రజలందరిదీ, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే అని తీర్పు చెప్పారు. 2005లో అదే హైకోర్టులో ఇద్దరు జడ్జీల బెంచి దాన్ని తిప్పేసింది. కానీ ప్లాంటు 2004 మార్చిలో ఆగింది, మళ్లీ నడవలేదు.

మీ విషయం అంత చిక్కు కాదు. మీది బోరు కాదు, చెరువు. అది పంచాయతీ ఆధీనంలో ఉంటుంది గానీ పంచాయతీ సొంత ఆస్తి కాదు. నదులు, అడవుల వంటి వాటిని ప్రభుత్వాలు ప్రజల తరఫున కాపాడాలే తప్ప సొంత సొమ్ములా ఎవరికో ధారపోయకూడదని సుప్రీంకోర్టు కమల్‌నాథ్ కేసులో చెప్పి పాతికేళ్లు దాటింది. ఊరి చెరువులు సమష్టి ఆస్తి అని 2001లో హించ్‌లాల్ తివారీ కేసులోనూ చెప్పింది. ఇంకో మాట. మీ చెరువులో ఉన్నది వాన నీరు కూడా కాదు, తాగునీటి పేరుతో సాగర్ నుంచి వదిలిన నీరు. 2023 నవంబరు ఆఖరులో సాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు, గుర్తుందా? ఆ రోజు మన ప్రభుత్వం చెప్పిన కారణం తాగునీరు. అంత గొడవ పడి కుడికాలువకు వదిలించుకున్న నీళ్లు, లస్కర్లు రాత్రిళ్లు కాపలా కాసి చివరి ఊళ్లకు పంపిన నీళ్లు. వాటిలోంచి ట్యాంకరు నింపుకోవడానికి పంచాయతీ తీర్మానం ఒక్కటే చాలదని నా గట్టి నమ్మకం.

"మేం కూడా తాగునీరే ఇస్తున్నాం కదా" అని ప్లాంటు వాళ్లు అంటారు. ఈ మాటకు తడబడకండి. 2002 జాతీయ జలవిధానం తాగునీటిని మొదటి వరసలో, పరిశ్రమలను ఐదో వరసలో పెట్టింది. చెరువు నీరు ఫిల్టర్ బెడ్ మీదుగా మీ కుళాయికి వస్తే అది ఊరి తాగునీరు. అదే నీరు క్యాన్‌లోకెక్కి, ధర కట్టించుకుని, పక్క టౌను షాపుకి పోతే అది వ్యాపారం. టౌనులో వాళ్లకూ దాహం ఉంటుంది, కాదనను. కానీ వాళ్లకు మున్సిపాలిటీ పైపు ఉంది. మీకు ఆ చెరువు తప్ప ఇంకోటి లేదు.

ఇంకో మాట కూడా అంటారు, మిగులు నీళ్లే తీసుకుంటున్నాం అని. తమిళనాడులో తామ్రపర్ణి నది నీళ్లు తిరునల్వేలి దగ్గర గంగైకొండాన్‌లోని కూల్‌డ్రింకు కంపెనీలకు ఇచ్చినప్పుడు కూడా ఇదే వాదన వచ్చింది. మద్రాసు హైకోర్టు మదురై బెంచి 2016 నవంబరులో ఆపమంది, 2017 మార్చిలో పిటిషన్లు కొట్టేసి తీసుకోనిచ్చింది. అక్కడ కంపెనీలు కట్టే రేటు వెయ్యి లీటర్లకు 37 రూపాయల 50 పైసలు అని బయటపడినప్పుడు జనం మండిపడ్డారు. అమెరికాలోనూ ఇదే. కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో అడవి ఊటల నీళ్లు సీసాల్లో అమ్మే నెస్లే కంపెనీకి పర్మిట్ గడువు 1988లోనే తీరిపోయిందని 2015 కరువులో పత్రికలు బయటపెట్టాయి. అప్పట్లో అడవి శాఖకు కడుతున్న ఫీజు ఏడాదికి 524 డాలర్లు. ఆ వ్యాపారం తర్వాత ఇంకో కంపెనీ చేతికి పోయింది, 2023 సెప్టెంబరులో రాష్ట్ర జలబోర్డు చాలా ఊటల నుంచి తోడొద్దని ఆదేశమిచ్చింది. ఎనిమిదేళ్లు పట్టింది. మీ చెరువుకు ఎనిమిదేళ్లు ఆగే ఓపిక లేదు, అందుకే లెక్కలోకి వద్దాం.

మీరు రాసిన దాన్ని బట్టి రెండు ట్రాక్టర్లు. ఒక్కోటి నాలుగు ట్రిప్పులు, ట్యాంకరు ఐదు వేల లీటర్లు అనుకుంటే రాత్రికి 40 వేల లీటర్లు. మన ఎండకు చెరువు రోజుకు ఏడు మిల్లీమీటర్లు ఆవిరైపోతుందనుకుందాం. ఐదెకరాలు నిండి ఉన్నప్పుడు ఎండ ఒక్కటే రోజుకు సుమారు లక్షా నలభై వేల లీటర్లు తీసుకుపోతుంది. అంటే ట్యాంకర్ల కంటే మూడింతలకు పైగా. చెరువు ఎండడానికి ప్లాంటే కారణం అని మీరు గ్రామసభలో అంటే, వాళ్లు ఈ లెక్క చూపించి మీ నోరు మూయించగలరు. కాబట్టి ఆ మాట అనకండి. కానీ చెరువు ఎకరానికి కుంచించుకుపోయాక చూడండి. ఎండ తాగేది 28 వేల లీటర్లు, ట్యాంకర్లు తాగేది అదే 40 వేలు. చెరువు చిన్నదయ్యే కొద్దీ ఎండ వాటా తగ్గుతుంది, ట్రాక్టరు వాటా తగ్గదు. మీరు పట్టుకోవాల్సింది ఈ ఒక్క సంగతి.

ఇంకా ఉంది. అరవై రాత్రులకు 24 లక్షల లీటర్లు. మనిషికి తాగడానికి, వంటకి రోజుకు పది లీటర్లు వేసుకుంటే మీ మూడు వేల మందికి అది ఎనభై రోజుల నీళ్లు. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి 55 లీటర్లు వేసుకున్నా రెండు వారాల నీళ్లు. మే నెలలో రెండు వారాలంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. పైగా అందులో సగం దాకా క్యాన్‌లోకి వెళ్లి ఉండదు. లవణాలు తీసే చిన్న ఆర్‌వో ప్లాంట్లలో లీటరు మంచినీటికి లీటరు దాకా, ఒక్కోచోట ఇంకా ఎక్కువే, బయటికి వదిలేస్తారు. ప్లాంటు వెనక కాలువలో ఎప్పుడూ తడిగా, పచ్చగా గడ్డి పెరిగి ఉందేమో ఒకసారి వెళ్లి చూడండి. అది మీ చెరువు నీళ్లే. అసలు చెరువు నీటికి ఆర్‌వో అవసరమే లేదు, ఇసుక వడపోత, క్లోరిన్ చాలు.

డబ్బు లెక్క చివర్లో చెబుతాను, ఎందుకంటే ఊళ్లో అందరూ ముందు దాన్నే పట్టుకుని వాదిస్తారు. ఇరవై వేల లీటర్లు క్యాన్లకెక్కితే వెయ్యి క్యాన్లు, మీ రేటుకు రోజుకు 15 వేల రూపాయలు. డీజిలు, కరెంటు, కూలీలు, రవాణా పోతాయి, అంతా లాభం కాదు. అయినా రెండు నెలల అమ్మకం తొమ్మిది లక్షలు. ఊరికి ఏడాది మొత్తానికి 60 వేలు. తామ్రపర్ణి దగ్గర జనం తిట్టిపోసిన ఆ 37 రూపాయల 50 పైసల రేటు వేసినా, ఆ రెండు నెలల నీటికే 90 వేలు కావాలి.

ఇక చేయాల్సింది. నీటిమట్టం గీత గీసి కొలవమని చాలామంది చెబుతారు. అది ఇక్కడ పనికిరాదు. నిండు చెరువులో 40 వేల లీటర్లు తీస్తే మట్టం తగ్గేది రెండు మిల్లీమీటర్లు, కంటికి ఆనదు. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోకపోవడానికి ఇదీ ఒక కారణం. మట్టం వదిలేసి ట్రిప్పులు లెక్కపెట్టండి. గట్టుకు దగ్గరగా ఇల్లున్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఒక నోటుబుక్కు పెట్టుకుని, తేదీ, టైము, ట్రాక్టరు నంబరు రాయండి. పదిహేను రోజులు చాలు. ఎవరితోనూ గొడవ పడొద్దు, ఇంజను పైపులు లాగొద్దు. రాత్రిపూట ఒంటరిగా గట్టు మీదికి అసలే వెళ్లొద్దు, ఇంటి అరుగు మీద నుంచి కనపడింది రాస్తే చాలు.

అదే సమయంలో పంచాయతీ కార్యదర్శికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో ఫీజు కూడా లేదు. మండల ఆఫీసులో అయితే 5 రూపాయలు, జిల్లాలో 10. ప్లాంటుకు నీళ్లిచ్చే తీర్మానం నకలు, ఏ తేదీ సమావేశంలో చేశారు, ఎన్ని లీటర్లకు ఒప్పుకున్నారు, కట్టిన డబ్బుల రసీదులు. ఈ నాలుగే అడగండి, ఎక్కువ అడిగితే జవాబు ఆలస్యం చేయడానికి వంక దొరుకుతుంది. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. నా అనుభవంలో చాలాచోట్ల ఎన్ని లీటర్లు అన్న మాట తీర్మానంలో ఉండదు. అది లేకపోవడమే మీకు పెద్ద ఆధారం.

శాంపిల్ కూడా తీయించండి. ఈ పని నేను పదేళ్ల కిందట చేయాల్సింది. ప్లాంటు వాళ్లు బోరు నీళ్లు అని చెప్పుకుంటుంటే, శుద్ధికి ముందు నీరు, ఊళ్లో బోరు నీరు, చెరువు నీరు మూడూ పక్కపక్కన పెట్టి పరీక్ష చేయమని అడగండి. టీడీఎస్, క్లోరైడు, ఫ్లోరైడు, కాఠిన్యం చాలు. రెండు లీటర్ల శుభ్రమైన ప్లాస్టిక్ క్యాను, అదే నీటితో మూడుసార్లు కడిగి నింపాలి, గాలి లేకుండా మూత బిగించాలి. ప్లాంటు లోపలి శాంపిల్ మీరు తీయలేరు, అధికారులే తీయాలి. అది కాగితం మీద అడగండి. అంకెలు చూస్తే కెమిస్టు అక్కర్లేదు, మీకే తెలిసిపోతుంది.

ఇవి చేతిలో పెట్టుకుని ముందు గ్రామసభకు, అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. పది మంది ఆడవాళ్లు కలిసి వెళ్లండి, అత్తగారిని కూడా తీసుకెళ్లండి. అడగాల్సింది ప్లాంటు మూయించమని కాదు. చెరువు సగానికి తగ్గిన రోజు నుంచి మళ్లీ కాలువ నీళ్లు వచ్చేదాకా బయటికి ఒక్క ట్యాంకరూ పోకూడదని తీర్మానం రాయమనండి. దాన్ని ఎవరూ కాదనలేరు. కాదన్నవాడు ఊళ్లో తలెత్తుకు తిరగలేడు.

రసీదులు, తీర్మానం చేతికొచ్చాక నాకు మళ్లీ రాయండి. దరఖాస్తు రాయడం రాకపోతే పత్రిక ఆఫీసుకు కబురు పెట్టండి, నేనే రాసి పంపుతాను.

ప్రశ్న: మేడమ్ గారికి, నేను గుంటూరులో ఎనిమిదేళ్లుగా వాటర్ ప్లాంటు నడుపుతున్నాను. అప్పు చేసి పెట్టాను. వేసవి వస్తే చాలు, పత్రికల్లో మమ్మల్ని నీటిదొంగలు అంటారు. మా ఇంట్లో పిల్లలు కూడా అడుగుతున్నారు. నాకు సొంత బోరు ఉంది. ఎండాకాలం బోరు తగ్గితే ట్యాంకరు కొంటాను. నేను చేస్తున్నది తప్పా?

జవాబు: బాబూ, మీరు పేరు రాసి మరీ ఉత్తరం పంపారు, అది నాకు నచ్చింది. పేరు వేయడం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు పడవల్లో ఇంటింటికీ వెళ్లింది నీళ్ల సీసాలే. మీ వృత్తి అవసరమైనదే.

తప్పు ఉన్నదల్లా ఆ ట్యాంకరులో. అది ఎక్కడ నింపారో మీరెప్పుడైనా అడిగారా? అడగలేదు కాబట్టే ధైర్యంగా కొంటున్నారు. పైన రాసిన అమ్మాయి ఊరి నుంచే వచ్చిందేమో ఎవరికి తెలుసు. ఇక మీదట నింపిన చోటు, బోరు యజమాని పేరు రాసిన చీటీ లేకుండా ట్యాంకరు దించుకోకండి. చీటీ ఇవ్వనంటే ఆ రోజు ప్లాంటు ఆపేయండి. వేసవిలో నాలుగు రోజులు మూస్తే అప్పు వాయిదా బరువవుతుందని తెలుసు. అయినా అదే చెబుతాను.

మీ బోరు వాల్టా (నీరు, నేల, చెట్ల చట్టం) కింద రిజిస్టరు అయిందో లేదో చూసుకోండి. 2002 నాటి ఆ చట్టం ప్రకారం ప్రజల తాగునీటి బావికో బోరుకో 250 మీటర్ల లోపు కొత్త బోరు అనుమతి లేకుండా వేయకూడదు. ప్యాక్ చేసిన తాగునీటిని 2024 నవంబరులో ఆహార భద్రతా సంస్థ ప్రమాదం ఎక్కువున్న ఆహారాల జాబితాలో చేర్చింది కాబట్టి తనిఖీలు, ఆడిట్లు పెరుగుతాయి, కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి. వదిలేసే నీటిని రోడ్డు మీదికి పోనివ్వకండి. ఒక తొట్టి కట్టిస్తే క్యాన్లు మొదట కడగడానికి, నేల కడగడానికి, పక్కన వాడుకునే వాళ్ల మరుగుదొడ్లకు పనికొస్తుంది. మొక్కలకు మాత్రం పోయకండి, ఉప్పు ఎక్కువ. పిల్లలు మళ్లీ అడిగితే ఆ తొట్టి, ఆ చీటీల పుస్తకం చూపించండి.

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. కృష్ణ పక్కనే ఉండి నెలకు వెయ్యి రూపాయలు క్యాన్లకు పోస్తున్నాం. మొన్న ఫిల్టర్లు అమ్మే అతను వచ్చి మా కుళాయి నీళ్లలో రెండు కడ్డీలు పెట్టి స్విచ్ వేస్తే నీళ్లు మురికిగా, గోధుమరంగులోకి తిరిగాయి. తను తెచ్చిన నీళ్లు తెల్లగానే ఉన్నాయి. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి అప్పటి నుంచి కుళాయి నీళ్లు ముట్టుకోవడం లేదు. ఒకటే టెన్షన్ పడుతోంది.

జవాబు: ఆ రంగు మీ నీళ్లది కాదు, ఆ కడ్డీలది. ఆ జతలో ఒకటి ఇనుప కడ్డీ. నీళ్లలో కొద్దిపాటి లవణాలుంటే కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పు రంగు వస్తుంది. ఆర్‌వో నీళ్లలో లవణాలు దాదాపు తీసేస్తారు కాబట్టి కరెంటు పారదు, రంగు రాదు. అంతే. మా ల్యాబ్‌కు ఇలా భయపడి సీసాలు పట్టుకుని వచ్చిన వాళ్లు ఎంతమందో.

కృష్ణ నీటిలో టీడీఎస్ మామూలుగా 500 లోపే ఉంటుంది. అంత తక్కువున్న నీటికి ఆర్‌వో వాడొద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే అంది. మీ కుళాయి నీళ్లలో చూడాల్సింది క్లోరిన్. వీధి చివరి కుళాయిలో కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. చిన్న క్లోరిన్ కిట్టు దొరుకుతుంది, రంగు చూసి చెప్పొచ్చు. వాసన నచ్చకపోతే రాత్రి వెడల్పు గిన్నెలో పోసి పైన పల్చటి బట్ట కప్పి ఉంచండి, పొద్దునకు పోతుంది. మీ అపార్ట్‌మెంట్ సంపు చివరిసారి ఎప్పుడు కడిగారో వాచ్‌మన్‌ను అడగండి, అసలు జబ్బులు అక్కడ, పాత పైపుల లీకుల్లో ఉంటాయి. పైపు పగిలిందన్న అనుమానం ఉన్న రోజుల్లో, వరద రోజుల్లో నీళ్లు మరిగించుకోండి.

ఆ ఫిల్టర్ల అతను మళ్లీ వస్తే వెళ్లిపొమ్మనకండి, లోపలికి రానివ్వండి. అతను తెచ్చిన తెల్లటి నీళ్లలో మీ అమ్మాయి చేత చిటికెడు ఉప్పు వేయించి, అవే కడ్డీలు మళ్లీ పెట్టమనండి.